కార్ఖానా కింది నేల

హైదరాబాద్ మహానగర ప్రాంతంలో పరిశ్రమలు ఏ దారిన పోతున్నాయో తెలుసుకోవడానికి 2025 చివరి నెలల్లో వెలువడిన రెండు ప్రభుత్వ నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అక్టోబరులో తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ రాయదుర్గంలో ఏడున్నర ఎకరాల పైచిలుకు భూమిని వేలం వేయగా ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని ప్రకటించి, బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, ఆజామాబాద్, ఉప్పల్, నాచారం, చర్లపల్లి, కాటేదాన్ వంటి 22 పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,292 ఎకరాలను ఇళ్లకు, కార్యాలయాలకు, వ్యాపార సముదాయాలకు మార్చుకునే వీలు కల్పించింది. పరిశ్రమలకు చవకగా స్థలం సమకూర్చడం కోసం పుట్టిన సంస్థే రాష్ట్రంలో అత్యంత ఖరీదైన భూవేలాలు నిర్వహించడం, ప్రభుత్వమే వేసిన లేఅవుట్లలోంచి కార్ఖానాలు తరలిపోవడానికి మార్గం తెరుచుకోవడం కాకతాళీయం కాదు. రాయదుర్గం వేలంలో నెగ్గింది ఒక ఔషధ గ్రూపుకు చెందిన స్థిరాస్తి సంస్థ కావడం గమనిస్తే, ఈ నగరంలో పెట్టుబడి ఎటు మళ్లుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

తెలంగాణ స్థూల ఉత్పత్తిలో దాదాపు మూడింట రెండొంతులు సేవల రంగం నుంచి వస్తుండగా, పరిశ్రమల వాటా ఆరోవంతు దగ్గరే ఆగిపోయింది. రాష్ట్ర ఆదాయంలో సింహభాగం హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాలదే కనుక, ఇది ప్రధానంగా మహానగరపు కథే. సేవలు పెరగడాన్ని తప్పుపట్టనక్కరలేదు. కానీ ఒక ప్రాంతంలో భూమి ఉత్పత్తికి సాధనంగా ఉండే దశ దాటి తానే అమ్మకపు సరుకుగా మారినప్పుడు, ఆ భూమి మీద నిలబడిన యంత్రానికీ పనివానికీ ఏమవుతుందన్నది ముఖ్యమైన ప్రశ్న. హైదరాబాద్ పరిశ్రమలకు నేడున్న సవాళ్లన్నీ, అవి కాలుష్యం కావచ్చు, ప్రమాదాలు కావచ్చు, చైనా ముడిసరుకు కావచ్చు, ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్నకు వచ్చి కలుస్తాయి.

ఈ నగరపు పారిశ్రామిక చరిత్ర మొదటి నుంచీ ప్రభుత్వం సమకూర్చిన నేల మీద నడిచింది. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని నెలకొల్పి, ప్రైవేటు కంపెనీల్లో వాటాలు కొనడం, అప్పులివ్వడం అనే పద్ధతిలో పరిశ్రమలను పోషించింది. ఆల్విన్ మెటల్ వర్క్స్, ప్రాగా టూల్స్ 1940ల తొలి సంవత్సరాల్లో ఆ వాతావరణంలోనే పుట్టాయి. ఆజామాబాద్‌లో స్థలాలను అమ్మలేదు, కౌలుకు ఇచ్చారు. నేల సర్కారుది, దాని మీద నడిచే పని పారిశ్రామికవేత్తది అన్న విభజన అందులో ఉంది. ఆ కౌళ్ల విషయంలో తర్వాత ఎన్నో చిక్కులు వచ్చి, 1992లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఆజామాబాద్ కోసమే ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. అయినా కౌలు పద్ధతిలోని మూలసూత్రం, అంటే పని ఆగితే నేల ప్రజలకు తిరిగి రావాలన్నది, ఇవాళ్టికీ ఆలోచించదగినదే.

స్వాతంత్ర్యానంతరం ఆ పాత్రను కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తీసుకున్నాయి. 1960ల నుంచి 1970ల నడిమి దాకా రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్ ప్రాంతంలో హెచ్‌ఏఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, తూర్పు వైపు ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం, దక్షిణాన భారత్ డైనమిక్స్, మిధాని వరుసగా వెలిశాయి. వీటిలో కొన్ని ఖాయిలా పడ్డాయి, కొన్ని ఇప్పటికీ లాభాల్లో ఉన్నాయి. అయితే నగరానికి అవి ఇచ్చిన అసలు ఆస్తి వాటి లాభనష్టాల పట్టికలో కనిపించదు. వాటిలో పని నేర్చుకున్న ఫిట్టర్లు, టర్నర్లు, రసాయన ఇంజినీర్లు బయటికొచ్చి సొంతంగా షెడ్లు పెట్టుకున్నారు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఐడీపీఎల్ సంశ్లేషిత ఔషధాల కర్మాగారంలో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించడం అందరికీ తెలిసిన ఉదాహరణ. పేరు తెలియని ఉదాహరణలు వందల్లో ఉన్నాయి.

ఐడీపీఎల్ ఇచ్చిన నైపుణ్యానికి 1970 నాటి పేటెంట్ చట్టం తోడైంది. ఆ చట్టం మందుల విషయంలో తుది పదార్థం మీద కాక, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు గుర్తించింది. విదేశీ కంపెనీ కనిపెట్టిన మందునే వేరే రసాయన మార్గంలో తయారుచేయగలిగితే చట్టపరమైన అడ్డంకి లేదన్నమాట. ఈ వెసులుబాటును హైదరాబాద్ రసాయన శాస్త్రవేత్తలు వాడుకున్నంతగా దేశంలో మరొక నగరంవారు వాడుకోలేదు. మాత్రలో రోగం మీద పనిచేసే అసలు రసాయనాన్ని బల్క్ డ్రగ్ అంటారు. దాని తయారీకి హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాంతం దేశానికి ప్రధాన కేంద్రమైంది. 2005లో పదార్థ పేటెంట్లు తిరిగి వచ్చేనాటికి ఇక్కడి పెద్ద కంపెనీలు అమెరికా జనరిక్ మార్కెట్లో కాళ్లూనుకున్నాయి.

ఇక బాలానగర్ విషయం. హిల్ట్‌గా వ్యవహరిస్తున్న భూముల పరివర్తన విధానం మీద చర్చ అంతా ఎకరాల చుట్టూ, కోట్ల చుట్టూ తిరిగింది కానీ, ఆ ఎకరాల్లో ఏం జరుగుతున్నదన్నది చర్చకు రాలేదు. క్షిపణిలోనో విమానంలోనో అమర్చే అరచేతిలో ఇమిడే అల్యూమినియం బ్రాకెట్ తయారయ్యే క్రమం చూస్తే సంగతి బోధపడుతుంది. ముడి దిమ్మెను ఒక షెడ్డులో కొలతకు కోస్తారు. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రమున్న మరో షెడ్డులో దానికి ఆకారం వస్తుంది. ఆ యంత్రం మీద దిమ్మెను కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్‌ను ఇంకొకరు చేసి పెడతారు. కోత తర్వాత అంచుల్లో మిగిలిన గరుకును ఆకురాయితో చేత్తో తీసే పని వేరే చోట జరుగుతుంది. ఉపరితలం తుప్పు పట్టకుండా రసాయన తొట్లలో ముంచి పొర ఎక్కించే ఆనోడైజింగ్ యూనిట్ మరో వీధిలో ఉంటుంది. చివరికి మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు దాకా కొలిచే యంత్రం ఉన్న గదికి చేరి, అక్కడ సరిపోయిందనిపించుకున్న తర్వాతే పెద్ద కంపెనీ గేటు దాటుతుంది. ఇన్ని చేతులు మారడానికి పట్టే దూరం ఒక ట్రాలీ ఆటో వెళ్లగలిగినంత. కొలతలో తేడా వస్తే సాయంత్రానికి వెనక్కి పంపి, మర్నాటి పొద్దుటికల్లా సరిచేయించుకోవచ్చు. ఈ పద్ధతినే అక్కడివారు జాబ్ వర్క్ అంటారు.

ఒకే రకమైన పని చేసే చిన్న సంస్థలు ఒకచోట గుమికూడడం వల్ల ప్రతి ఒక్కరికీ ఖర్చు తగ్గి నైపుణ్యం పెరగడాన్ని ఆర్థికశాస్త్రం సామీప్య లాభంగా పరిగణిస్తుంది. ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాలను పరిశీలించి ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే దీన్ని సిద్ధాంతీకరించాడు. ఈ లాభం ఏ ఒక్క యూనిట్ ఖాతాలోనూ ఆస్తిగా నమోదు కాదు, కనుక ఏ ఒక్క స్థలం అమ్మినప్పుడూ దానికి ధర కట్టరు. పది షెడ్లలో మూడు అపార్టుమెంట్లుగా మారితే మిగిలిన ఏడింటికీ నష్టం వస్తుంది. ఆనోడైజింగ్ యూనిట్ పోయిందంటే సీఎన్‌సీ షెడ్డు దాని కోసం ముప్పై నలభై కిలోమీటర్లు వెళ్లాలి. పైగా కొత్తగా వచ్చిన ఫ్లాట్ల నివాసులు రాత్రి షిఫ్టు చప్పుడు మీదా, ప్లేటింగ్ వాసన మీదా ఫిర్యాదు చేయడం సహజం; అప్పుడు మిగిలినవాటినీ పొమ్మనక పొగబెట్టినట్టే అవుతుంది. బాలానగర్‌లోనే 1968లో నెలకొల్పిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ ఇన్నేళ్లుగా శిక్షణ ఇస్తున్నది ఈ సమూహం కోసమే.

ఈ సమూహం పాతకాలపు అవశేషం కాదనడానికి సాక్ష్యం ఆదిభట్లలోనూ శంషాబాద్‌లోనూ ఉంది. అపాచీ హెలికాప్టర్ల బాహ్యకవచాలు, సీ-130 రవాణా విమానాల తోకభాగాలు ఆదిభట్లలో తయారై విదేశాలకు వెళుతున్నాయి. 2025 నవంబరులో సఫ్రాన్ సంస్థ లీప్ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని శంషాబాద్ వద్ద ప్రారంభించింది. హైదరాబాద్‌లోనే పుట్టిన స్కైరూట్ 2022లో దేశంలో తొలి ప్రైవేటు రాకెట్‌ను అంతరిక్షపు అంచుదాకా పంపింది. ఇలాంటి సంస్థలు ఈ నగరాన్ని ఎంచుకోవడానికి చెప్పే కారణాల్లో విమానాశ్రయం ఉంటుంది, రాయితీలు ఉంటాయి. కానీ ఒకటి రెండు నమూనాలు చేయించుకోవాలన్నప్పుడు పని అందుకునే చిన్న షెడ్లు దగ్గరలో దొరకడం అన్నిటికన్నా బలమైన కారణం. ఒక చేత్తో వైమానిక రంగానికి స్వాగత తోరణాలు కడుతూ, మరో చేత్తో ఆ రంగానికి విడిభాగాలు ఇచ్చే వాడను స్థిరాస్తి విపణిలోకి వదలడం పొంతన లేని విధానం.

హిల్ట్ విధానానికి అనుకూలమైన వాదన లేకపోలేదు, దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఒకప్పుడు ఊరి బయట వేసిన వాడలను నగరం చుట్టుముట్టింది. రసాయన ట్యాంకర్లు బడిపిల్లల బస్సుల మధ్య తిరుగుతున్నాయి. చాలా స్థలాల్లో కార్ఖానా ఎప్పుడో మూతపడి, గోదాములూ ఫంక్షన్ హాళ్లూ నడుస్తున్నాయి. ఆ మార్పిడి ఎలాగూ చాటుమాటుగా జరుగుతున్నప్పుడు దాన్ని చట్టబద్ధం చేసి ఖజానాకు ఆదాయం తెచ్చుకోవడం మేలన్నది ప్రభుత్వ తర్కం. 2020లో గత ప్రభుత్వం తెచ్చిన గ్రిడ్ విధానం కూడా ఉప్పల్, నాచారం వైపు పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకోనిచ్చింది కనుక, ఈ విషయంలో ఏ పార్టీకీ చేతులు పూర్తిగా శుభ్రంగా లేవు. తేడా పరిమాణంలోనూ పద్ధతిలోనూ ఉంది. కొత్త విధానంలో స్థలం యజమాని రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు లేదా అంతకు మించిన రోడ్డు పక్కనైతే 50 శాతం అభివృద్ధి ప్రభావ రుసుము చెల్లిస్తే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ విలువకూ బహిరంగ మార్కెట్ ధరకూ ఈ నగరంలో ఎంత అంతరం ఉంటుందో ఇల్లు కొన్న ప్రతివారికీ తెలుసు. ప్రతిపక్షం దీన్ని లక్షల కోట్ల కుంభకోణమంటే, ప్రభుత్వం ఆ ఆరోపణను ఖండించింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ వాగ్వాదంలో ఎవరూ పట్టించుకోని ఒక వర్గం ఉంది. పారిశ్రామిక వాడల్లోని చిన్న యూనిట్లలో అద్దె షెడ్లలో నడిచేవి తక్కువేమీ కాదు. రెండు మూడు యంత్రాలు, ఒక కరెంటు కనెక్షన్, ఎనిమిది పది మంది పనివారు ఉండే ఈ యూనిట్ల యజమానులకు స్థలం మీద హక్కు లేదు. స్థలాన్ని నలభై యాభై ఏళ్ల కిందట నామమాత్రపు ధరకు పొందినవారికి రుసుము పోగా భారీ లాభం మిగులుతుంది. ప్రభుత్వానికి రుసుము వస్తుంది. అద్దెదారుకు ఖాళీ చేయమన్న నోటీసు వస్తుంది. అతడు బాహ్యవలయ రహదారి అవతల కొత్త పార్కులో స్థలం తీసుకోవాలంటే ఇప్పటి ధర పెట్టాలి, యంత్రాలను తరలించి మళ్లీ పునాదుల మీద సరిదిద్దుకోవాలి, అంతకన్నా కష్టమైన పనిగా కూకట్‌పల్లిలోనో సూరారంలోనో కాపురముంటున్న నిపుణుడైన పనివాణ్ణి అక్కడికి రప్పించుకోవాలి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా బిల్లులు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, ఆ గడువు కాగితాల్లోనే ఉంటుండగా, రాష్ట్ర ప్రభుత్వం ఇస్తామన్న పారిశ్రామిక రాయితీలే ఏళ్ల తరబడి బకాయి పడుతుండగా, ఇంత ఖర్చు భరించే శక్తి ఎందరికి ఉంటుందో ఊహించవచ్చు. చాలామంది తరలిపోరు, మూసేస్తారు.

తరలింపునకు నిజంగా బలమైన కారణమున్నది ఔషధ రంగంలోనే. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి గ్రామాల చెరువులూ భూగర్భ జలాలూ బల్క్ డ్రగ్ పరిశ్రమకు మూల్యం చెల్లించాయి. 1990లోనే ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. అది హైకోర్టుకూ, అక్కణ్నుంచి హరిత ట్రైబ్యునల్‌కూ బదిలీ అవుతూ దశాబ్దాలు నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు ప్రకటించారు. అది శుద్ధి చేసిన తర్వాతి నీరు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయిని మించిన గాఢత అది. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు వ్యర్థజలాన్ని ఆవరణ దాటనివ్వకుండా ఆవిరి చేసి తిరిగి వాడుకునే విధానానికి మారాయి. చిన్న యూనిట్లకు ఆ ఖర్చు మోయరానిది. వానాకాలం రాత్రుల్లో ట్యాంకర్లు నాలాల్లోకి ఒంపేస్తున్నాయన్న ఫిర్యాదులు ఇప్పటికీ ఆగలేదు.

ఈ సమస్యకు పరిష్కారంగా ముచ్చర్ల ప్రాంతంలో 19 వేలకు పైగా ఎకరాల్లో ఫార్మా సిటీని గత ప్రభుత్వం తలపెట్టింది. ఏళ్ల తరబడి భూసేకరణ, కోర్టు కేసులు నడిచాయి కానీ ఉత్పత్తి మొదలు కాలేదు. 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం ఆ భూముల చుట్టూ ఫ్యూచర్ సిటీని ప్రతిపాదించి, మందుల పరిశ్రమలను వేర్వేరు చోట్ల ఫార్మా గ్రామాలుగా విడదీస్తామంది. వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబరులో అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టర్ మీద జనం తిరగబడిన తర్వాత అక్కడి ఔషధ పార్కు ప్రతిపాదనను ఉపసంహరించి, బహుళ ప్రయోజన పారిశ్రామిక పార్కుగా మార్చారు. రైతుల ప్రతిఘటనను కేవలం రాజకీయ ప్రేరేపితమని కొట్టిపారేసేవారు పటాన్‌చెరు అనుభవాన్ని మరచిపోతున్నారు. మందుల కంపెనీ వస్తే బావి నీళ్లు ఏమవుతాయో తెలంగాణ పల్లెలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఈలోగా పొరుగు రాష్ట్రం ముందుకు కదిలింది. కేంద్రం 2022లో మూడు బల్క్ డ్రగ్ పార్కులకు తలా వెయ్యి కోట్ల దాకా సాయం మంజూరు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్, గుజరాత్, హిమాచల్‌ప్రదేశ్‌లను ఎంపిక చేసింది. దేశ బల్క్ డ్రగ్ రాజధానిగా చెప్పుకునే హైదరాబాద్ ఉన్న రాష్ట్రానికి చోటు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ పార్కు అనకాపల్లి జిల్లా నక్కపల్లి వద్ద రూపుదిద్దుకుంటున్నది. పెన్సిలిన్-జి అనే కీలక ముడి రసాయనాన్ని తయారుచేసే భారీ కర్మాగారాన్ని హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో గ్రూపు కాకినాడ వద్దే నెలకొల్పింది. రేవు దగ్గర ఉండడం, వ్యర్థజలాన్ని శుద్ధి చేసి లోతు సముద్రంలోకి వదిలే వీలుండడం కోస్తాకు సహజంగా అమరిన అనుకూలతలు. చుట్టూ చెరువులే తప్ప సముద్రం లేని దక్కన్ పీఠభూమి మీద రసాయన పరిశ్రమ నడపడానికి అయ్యే అదనపు ఖర్చును ఇన్నాళ్లూ పటాన్‌చెరు గ్రామాలు భరించాయి. ఇక ముందు కంపెనీలే భరించాల్సి వస్తే, భారీ పరిమాణంలో చవక రసాయనాల తయారీ కోస్తాకు పోవడం అనివార్యం. దాన్ని అడ్డుకోవాలని చూడడం కన్నా, తక్కువ పరిమాణం ఎక్కువ విలువ ఉండే టీకాలు, జీవసంబంధ ఔషధాలు, కాంట్రాక్టు పరిశోధన వైపు మళ్లడం హైదరాబాద్‌కు తగిన మార్గం. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ, అంతకు ముందే 1997లో హెపటైటిస్-బి టీకాను దేశీయంగా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ అనుభవం ఆ మార్గానికి పునాదులు వేసే ఉన్నాయి.

చైనా ముడిసరుకు మీద ఆధారపడడం వేరొక చిక్కు. భారత్ దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్, మధ్యస్థ రసాయనాల్లో దాదాపు మూడింట రెండొంతులు చైనా నుంచే వస్తాయి. 2020లో 6,940 కోట్ల రూపాయలతో ఉత్పత్తి అనుబంధ ప్రోత్సాహక పథకం ప్రకటించినా, చైనా ఉత్పత్తిదారులు ధర దించినప్పుడల్లా ఇక్కడి కొత్త కర్మాగారాలకు ఊపిరాడదు. అటు అమ్మకం వైపు అమెరికా ఒక్కటే పెద్ద అంగడి. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద 50 శాతం సుంకాలు విధించినప్పుడు జనరిక్ మందులకు మినహాయింపు దక్కింది కానీ, మినహాయింపు మీద బతికే పరిశ్రమకు నిశ్చింత ఉండదు.

ఐటీ రంగం మీద ఇప్పటికే ఎంతో రాశారు కనుక ఇక్కడ రెండు మూడు అంశాలు చాలు. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2023-24లో 2,68,233 కోట్లు. ఉద్యోగాల వేగం మాత్రం వేరే మాట చెబుతున్నది. 2022-23లో నికరంగా 1,27,594 కొత్త ఉద్యోగాలు రాగా, మరుసటి ఏడాది వచ్చినవి సుమారు 40 వేలు. ఎగుమతి పెరిగినంతగా కొలువు పెరగని దశ మొదలైందనడానికి ఇది సూచన. కృత్రిమ మేధ దాన్ని మరింత ముందుకు తోస్తుంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించడం హైదరాబాద్‌లో ఎందరో తల్లిదండ్రుల లెక్కలను తారుమారు చేసినా, బహుళజాతి కంపెనీలు తమ పనిని ఇక్కడి సొంత కేంద్రాలకే తరలించడానికి అది ఊతమిచ్చింది. అలాంటి గ్లోబల్ కేపబిలిటీ కేంద్రాలు నగరంలో 350కి మించి ఉన్నాయి. వాటికి అనుభవజ్ఞులు కావాలి. ఏటా వేలల్లో బయటికొచ్చే సాధారణ ఇంజినీరింగ్ పట్టభద్రులకు అవి ఒకప్పటి సేవల కంపెనీల్లా తలుపులు తెరవవు. ఐటీ జీతం మీద బ్యాంకు రుణం, ఆ రుణం మీద ఫ్లాటు, ఆ ఫ్లాట్ల గిరాకీ మీద భూమి ధర, ఆ ధర మీద ప్రభుత్వ ఆదాయం నిలబడి ఉన్నందున, కొలువుల గొలుసులో వచ్చే బిగువు చివరికి పారిశ్రామిక భూముల మార్పిడి లెక్కను కూడా తాకుతుంది. అపార్టుమెంట్లకు గిరాకీ తగ్గే వేళ 9 వేల ఎకరాలు మార్కెట్లోకి వస్తే రుసుము ఆదాయం అంచనాలకు అందదు, కార్ఖానా మాత్రం అప్పటికే పోయి ఉంటుంది. ఇక మౌలిక వసతులకొస్తే, విద్యుత్ విషయంలో, 2012-13 నాటి పవర్ హాలిడేల రోజులతో పోలిస్తే, పరిస్థితి బాగా మెరుగుపడింది. నీటి విషయంలో కృష్ణ నుంచీ గోదావరి నుంచీ వంద కిలోమీటర్లు మించిన దూరం ఎత్తిపోసుకునే నగరానికి డేటా కేంద్రాల దాహం కొత్త బరువు.

పనివారి భద్రత మాత్రం తేలిగ్గా దాటేసే విషయం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ అనుబంధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. అక్కడ తయారయ్యేది మాత్రలకు ఆకారం కోసం కలిపే మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి. చూడటానికి పిండిలా నిరపాయంగా కనిపించే ఈ రకం పొడి గాలిలో సన్నగా చెలరేగి, మూసి ఉన్న ఎండబెట్టే యంత్రంలో నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలుతుందన్నది రసాయన ఇంజినీరింగ్‌లో పాత పాఠం. చనిపోయినవారిలో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చిన వలస కూలీలు. కొందరి ఆనవాళ్లు డీఎన్ఏ పరీక్షలకూ అందలేదు. అదే ఏడాది నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో కర్మాగారం అన్న నిర్వచనానికి కావలసిన కనీస కార్మికుల సంఖ్యను, విద్యుత్తు వాడే చోట 10 నుంచి 20కి, వాడని చోట 20 నుంచి 40కి పెంచారు. బాలానగర్, జీడిమెట్లలోని ఎన్నో షెడ్లు ఈ ఒక్క మార్పుతో కర్మాగారపు లెక్కలోంచి తప్పుకునే అవకాశం ఉంది. ప్రమాదకర పనులకు మినహాయింపు లేదని స్మృతి చెబుతున్నా, లెక్కలోనే లేని షెడ్డులో ఏం జరుగుతున్నదో తనిఖీ అధికారికి తెలిసే దారి ఏదన్నది తేలలేదు. ఆ స్మృతులు అమలైన మర్నాడే భూముల పరివర్తన ఉత్తర్వు వెలువడింది. రెండింటినీ కలిపి చదివినవారు తక్కువ.

వాడలన్నిటినీ ఒకే గాటన కట్టడం హిల్ట్ విధానంలోని మూలలోపం. జీడిమెట్లలో రియాక్టర్లు నడిపే రసాయన యూనిట్‌కూ, బాలానగర్‌లో లేత్ నడిపే షెడ్డుకూ పొరుగువారికి కలిగే హానిలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. మొదటిదాన్ని గడువు పెట్టి తరలించాలి, అదీ కొత్త చోట శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలైన తర్వాతే. రెండోదాన్ని నగరంలోనే నిలపడానికి బహుళ అంతస్తుల పారిశ్రామిక భవనాలు కట్టి, అంతస్తుల్లో యూనిట్లకు చోటిచ్చే పద్ధతి సింగపూర్ దశాబ్దాలుగా పాటిస్తున్నది; బాలానగర్ భూమి ధరకు సరిపడే ఎత్తు ఆ భవనాలకు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. భూమార్పిడికి అనుమతి ఇచ్చే చోట నిర్మాణంలో కొంత భాగాన్ని తప్పనిసరిగా చిన్న యూనిట్లకు అద్దెకు కేటాయించాలన్న షరతు పెట్టవచ్చు. ప్రభావ రుసుమును సాధారణ ఖజానాలో కలపకుండా, అద్దెదారుల తరలింపు ఖర్చులకూ, పటాన్‌చెరు చెరువుల శుద్ధికీ వేరే ఖాతాలో ఉంచవచ్చు. బాహ్యవలయ రహదారి అవతల కొత్తగా వేసే పార్కుల్లో స్థలాలను ఆజామాబాద్‌లో చేసినట్టు కౌలుకే ఇస్తే, ముప్పై ఏళ్ల తర్వాత ఇదే వివాదం ప్రాంతీయ వలయ రహదారి దగ్గర మళ్లీ తలెత్తదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని చాలా చిన్నది, దానికి కొత్త చట్టం అక్కరలేదు. ఆ 22 వాడల్లో ఎన్ని షెడ్లు యజమానులవి, ఎన్ని అద్దెవి, ఒక్కోదానిలో ఎందరు పనిచేస్తున్నారు, ఎవరు ఏ రక్షణ సంస్థకు, ఏ మందుల కంపెనీకి ఏ వస్తువు ఇస్తున్నారన్న జాబితాను జిల్లా పరిశ్రమల కేంద్రాలు, విద్యుత్ పంపిణీ సంస్థల దగ్గరున్న పారిశ్రామిక కనెక్షన్ల వివరాలను పక్కన పెట్టుకుని కొద్ది నెలల్లో తయారుచేయగలవు. మార్పిడి దరఖాస్తుల మీద సంతకాలు ఆ జాబితా బల్ల మీదికి వచ్చాకే జరగాలి.